ఒత్తుల దగ్గర ఆగిన చదువు: తక్కువ చూపున్న ఒక పాప కేస్ స్టడీ

సాహితిని (పేరు మార్చాను) తక్కువ చూపున్న పిల్లల చదువు చూసే నా దగ్గరికి పంపుతూ బడివాళ్ళు రాసిన కాగితంలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. ‘ఇంగ్లిష్ పర్వాలేదు, లెక్కలు బాగానే చేస్తుంది, తెలుగులో మాత్రం బాగా వెనకబడింది, శ్రద్ధ పెట్టడం లేదు.’ పాప ఇంట్లో మాట్లాడేది తెలుగే. కథ చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. అలాంటి పిల్ల చదవడానికి వచ్చేసరికి సొంత భాషలోనే తడబడుతోందంటే, అదీ కంటి జబ్బున్న పిల్ల, శ్రద్ధ లేదని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

వయసు 10, చదివేది 5వ తరగతి. జబ్బు పేరు స్టార్‌గార్డ్, బయటపడి ఏడాది దాటింది. రెండు కళ్ళలోనూ దూరపు చూపు 6/36. అంటే మామూలు చూపున్నవాళ్ళు 36 మీటర్ల దూరం నుంచి పోల్చుకునే అక్షరాన్ని ఈ పాప 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ పోల్చుకోలేదు. దగ్గర చూపు 15 సెంటీమీటర్ల దూరంలో ఎన్8, అంటే 8 పాయింట్ల అచ్చు సైజు. కళ్ళద్దాలు పెట్టినా పెద్ద తేడా లేదు, ఉండదు కూడా. అద్దాలు సరిచేసేది వెలుగు రెటీనా మీద సరిగ్గా పడకపోతే. ఇక్కడ దెబ్బతిన్నది రెటీనాయే.

జబ్బు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే పాప ప్రవర్తన అర్థం కాదు. 1909లో జర్మన్ కంటి వైద్యుడు కార్ల్ స్టార్‌గార్డ్ దీన్ని వివరించారు. ఎక్కువమందిలో ఏబీసీఏ4 అనే జన్యువులో లోపం కారణం. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం అందినప్పుడు బిడ్డకి జబ్బు వస్తుంది. రెటీనా మధ్యలో ఉండే మాక్యులా క్రమంగా దెబ్బతింటుంది. మనం చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి వాడేది ఆ మధ్యభాగాన్నే. చుట్టూ ఉన్న చూపు చాలామందిలో నిలుస్తుంది కాబట్టి పిల్ల మెట్లు చకచకా దిగుతుంది, గుంపులో ఎవరినీ గుద్దుకోకుండా పరిగెడుతుంది. అదే పిల్ల ఎదురుగా వచ్చిన టీచర్‌ని పోల్చుకోలేక నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోతుంది. ‘ఆటలకి కనిపిస్తుంది, చదువుకి కనిపించదా?’ అనే ప్రశ్న ఇలాంటి పిల్లలందరూ వినేదే. నిజమే, అలాగే కనిపిస్తుంది. ఆ చూపు స్వభావమే అది.

ఇంకొకటి. మధ్యలో మసక ఉన్నందువల్ల పాప దేన్నైనా చూడాలంటే చూపుని కొంచెం పక్కకి తిప్పుతుంది. తల వాల్చి, కళ్ళు కుడి పైమూలకి పెడితే అసలు వస్తువు చెడని భాగంలో పడుతుంది. దీన్ని పక్కచూపు అందాం. చాలామంది పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఇది కనిపెడతారు. సాహితీ కనిపెట్టుకుంది. క్లాసులో మాత్రం ‘మాట్లాడుతుంటే నా మొహం వైపు చూడదు’ అన్న ఫిర్యాదుగా అది రికార్డయింది. తల తిన్నగా పెట్టమని పదేపదే చెబితే, ఉన్న చూపునీ వాడుకోనివ్వడం లేదన్నమాట.

క్లాసులో చూసింది

మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. మంచిదే, కానీ బోర్డు పక్కనే పెద్ద కిటికీ. ఈ జబ్బున్నవాళ్ళకి ఎదురు వెలుగు చాలా ఇబ్బంది, ఎండలోంచి లోపలికొస్తే కళ్ళు సర్దుకోవడానికీ ఎక్కువ సేపు పడుతుంది. బోర్డు మీద రాసినదాన్ని ఆమె అసలు చూడటమే మానేసింది. పక్కనున్న అమ్మాయి నోట్సు లాక్కుని, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా పెట్టుకుని దించుకుంటోంది.

తెలుగు క్లాసులో పాఠం చదవమన్నారు. లేచి గడగడా చదివింది. టీచర్ నావైపు తిరిగి, ‘చూశారుగా మేడమ్, ఇవాళ మీరున్నారని చదివింది, రేపు డిక్టేషన్‌లో చూడండి’ అన్నారు. ఆమె మాటలో అబద్ధం లేదు. అయితే నా కళ్ళు పాప వేలి మీద ఉన్నాయి. నోరు మూడో లైనులో ఉంటే వేలు ఇంకా రెండో లైనులోనే ఉంది. వారం రోజులుగా క్లాసులో అందరూ చదివిన పాఠం అది, విని విని మొత్తం నోటికొచ్చేసింది. ఇలాంటి పిల్లల్లో బట్టీ పట్టే శక్తి చాలాసార్లు అసలు సమస్యని కప్పేస్తుంది. అందుకే తెలిసిన పాఠంతో చదువుని కొలవకూడదు.

తెలుగులో కొలిస్తే తేలింది

ఎన్8 అన్న అంకెని బడివాళ్ళు తమకి తోచినట్టు అర్థం చేసుకున్నారు. పాఠ్యపుస్తకంలో అక్షరం ఎన్8 కంటే పెద్దదే కదా, మరి చదవడానికేం? అని. ఎన్8 ఎలా కొలిచారో ఎవరూ అడగలేదు. చార్టులో విడివిడిగా, ఎడంగా ఉన్న అంకెల్ని ఒక్కొక్కటిగా చదివించి కొలిచారు. వైద్యపరంగా అందులో తప్పేమీ లేదు. కానీ అంకె ఒక ముక్క. తెలుగు అక్షరం చాలాసార్లు మూడు నాలుగు ముక్కలు. నడుమ హల్లు, పైన తలకట్టో గుడో, పక్కన కొమ్మో, కింద ఒత్తు. ఆ ఒత్తు పై అక్షరంలో ఇంచుమించు సగం సైజులో ఉంటుంది. 16 పాయింట్ల పుస్తకం ఇచ్చామని మనం అనుకుంటాం, ఒత్తు దగ్గర మాత్రం పాప అందులో సగం సైజుతో కుస్తీ పడుతుంది. పైగా మధ్యలో మసక ఉన్న కంటికి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చిన్న ముక్కల్ని విడదీసి చూడటం మరీ కష్టం.

అంతకుముందు చూడని పేరాలు కొన్ని తయారుచేసి, ఒకే సైజులో తెలుగుదొకటి, ఇంగ్లిష్‌దొకటి చదివించాను. ప్రతి తప్పునీ అది అక్షరంలో ఏ చోట జరిగిందో చూసి రాసుకున్నాను. ఇంగ్లిష్‌లో తప్పులు చెదురుమదురుగా ఉన్నాయి. తెలుగులో మాత్రం ఒకే చోట గుమిగూడాయి. ‘ఎద్దు’ని ‘ఎదు’ అని చదివి, అర్థం కాక వెనక్కి వెళ్ళి, ‘ఎద్దు’ అని దిద్దుకుంది. ‘పత్రిక’ మొదట ‘పతిక’, తర్వాత ‘పత్తిక’ అయింది. కింద ఏదో ఉందని తెలుస్తోంది, అది తవొత్తో క్రావడో తేలడం లేదు. ‘రాష్ట్రం’ దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఆ మాటలో ష కింద రెండు ఒత్తులు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. చాలాసేపు తల అటూ ఇటూ వాల్చి, చివరికి ‘రాజ్యం?’ అంది. సందర్భాన్ని బట్టి ఊహించింది, ఊహ కూడా తెలివైనదే. మిగిలిన తప్పుల్లో ఎక్కువ భాగం కి–కీ, మ–య, ద–ధ–థ లాంటి జంటలు. అంటే తేడా అంతా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉండే అక్షరాలు.

ఆమెకి తెలుగు రాకపోవడం కాదిది. తెలుగు పేజీలో కింది అంతస్తు ఆమెకి కనిపించడం లేదు. డిక్టేషన్‌లో ఒత్తులు పోవడానికి కారణం కూడా ఇదే. చూడని ఒత్తుని పిల్ల ఎలా రాస్తుంది?

సైజు పెంచుకుంటూ పోతే 18 పాయింట్ల దగ్గర ఒత్తులు పోల్చుకోవడం మొదలైంది. అయితే పోల్చుకోవడం వేరు, హాయిగా చదవడం వేరు. కష్టపడి పోల్చుకోగలిగిన అతి చిన్న సైజుకి దాదాపు రెండింతలు ఉంటే తప్ప చదువు ధారగా సాగదని మా రంగంలో ఒక బండగుర్తు ఉంది. దాని ప్రకారం ఈ పాపకి తెలుగు 36 పాయింట్లలో కావాలి, లేదా పుస్తకం కంటికి ఇంకా దగ్గరగా రావాలి.

చివరిగా, నాకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష: ఎంతసేపు చదవగలదు? 24 పాయింట్లలో కొత్త కథ ఇచ్చి 20 నిమిషాలు చదవమన్నాను. మొదటి ఐదు నిమిషాల్లో నిమిషానికి 40 మాటల దాకా నడిచింది. చివరి ఐదు నిమిషాలకి అది సగం కంటే తక్కువకి పడిపోయింది. మెడ పట్టుకుంది, కళ్ళలో నీళ్ళు, మధ్యమధ్య కళ్ళు నులుముకోవడం. అడిగితే ‘బాగానే ఉంది టీచర్’ అంది. ఒక్క నిమిషం చదివించి ‘చదవగలదు’ అని రాసే రిపోర్టుల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే కారణం.

అచ్చులో చేసిన మార్పులు

మొదటగా అందరూ చేసే పని, పుస్తకాన్ని ఏ3 కాగితం మీద పెద్దది చేసి జిరాక్స్ తియ్యడం. బడిలో అప్పటికే అది చేసి చూశారు. కాగితం బెంచీ మీద పట్టదు, ఒక లైను చివరినుంచి తర్వాతి లైను మొదటికి రావడానికి తల మొత్తం తిప్పాలి, జిరాక్స్‌లో సన్నటి గీతలు చెరిగిపోయి ఒత్తులు ఇంకా మసకబారతాయి. దాన్ని ఆపించాం. పాఠాన్ని మళ్ళీ టైపు చేసి, మందమైన గీతలున్న సాదా ఫాంటులో, మెరుపు లేని కాగితం మీద, మామూలు సైజు పేజీలోనే ప్రింటు తీశాం. సైజుకంటే లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ మేలు చేసింది. తెలుగులో పై లైను ఒత్తులు కింది లైను గుడులమీద వచ్చి కూర్చుంటాయి. ఆ రెంటినీ విడదీస్తేనే సగం గందరగోళం తగ్గింది.

లైను తప్పిపోకుండా వాడే కిటికీ కార్డు గురించి ఒక మాట. నల్ల అట్టలో సన్నటి చీలిక కోసి, అందులోంచి ఒక్క లైనే కనబడేలా చేస్తారు. తయారుగా దొరికే కార్డుల చీలిక ఇంగ్లిష్ లైనుకి సరిపోయేలా ఉంటుంది. తెలుగు మీద పెడితే ఒత్తులన్నీ అట్ట కిందికి పోతాయి. అంటే సాయం కోసం ఇచ్చిన వస్తువే ఉన్న సమస్యని రెట్టింపు చేస్తుంది. చీలిక ఎత్తు పెంచి మేమే కోసుకున్నాం.

పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయని ఇంట్లో అమ్మ, బడిలో టీచర్ ఇద్దరూ పాపని వారిస్తూ వచ్చారు. పాడవ్వవు. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పేజీని 10 సెంటీమీటర్లకి తెస్తే అక్షరం రెటీనా మీద నాలుగు రెట్లు పెద్దగా పడుతుంది. పిల్లల కంటి కటకానికి అంత దగ్గర వస్తువు మీద ఫోకస్ చేసే శక్తి ఉంటుంది. డబ్బు ఖర్చు లేని భూతద్దం అది. ఇబ్బందల్లా మెడకీ నడుముకీ. అందుకని తల వంచడం మాని పేజీనే పైకి తెచ్చే వాలు బల్ల పెట్టాం. దాంతో మెడనొప్పి ఫిర్యాదు చాలావరకు పోయింది. పేజీ మీద ఆనించి జరుపుకునే గుండ్రటి డోమ్ భూతద్దం ఇంట్లో బాగా పనికొచ్చింది. బోర్డు చూడటానికి ఇచ్చిన చిన్న దుర్భిణి మాత్రం రెండు రోజులు వాడి బ్యాగులో పడేసింది. అందరూ తిరిగి చూస్తున్నారట. 10 ఏళ్ళ పిల్లకి అది చిన్న కారణం కాదు. బలవంతం చెయ్యలేదు. బోర్డు మీద రాసే ప్రతి మాటనీ పైకి చదువుతూ రాయమని టీచర్లని అడిగాను. ‘ఇది’, ‘ఇక్కడ’, ‘దీన్ని ఇటు తెస్తే’ లాంటి మాటలు మానమన్నాను. లెక్కల టీచర్ వెంటనే అలవాటు చేసుకున్నారు. మిగతావాళ్ళు ఒక రోజు గుర్తుంచుకుంటారు, ఒక రోజు మర్చిపోతారు. కిటికీ వెలుగు కళ్ళలో పడకుండా బెంచీ తిరిగింది.

ఇంట్లో బంధువులెవరో చూపుకి మంచిదని విటమిన్ ఎ మాత్రలు తెచ్చిపెట్టారు. ఈ జబ్బులో ఆ మాత్రలు వాడవద్దని కంటి వైద్యులు ప్రత్యేకంగా చెబుతారు. కాబట్టి వెంటనే డాక్టర్‌ని అడగమని పంపాను, మాత్రలు ఆగాయి. మనది చదువు పనే కావచ్చు, ఇలాంటిది కంటపడితే ఊరుకోకూడదు.

బ్రెయిలీ ప్రస్తావన

ఇంత చేశాక వేగం పెరిగింది, తప్పులు తగ్గాయి. ఓపిక మాత్రం పెద్దగా పెరగలేదు. అరగంట దాటితే అలసట. 5వ తరగతికి అరగంట చాలు. పై తరగతుల్లో సాంఘికశాస్త్రం ఒక్కటే గంటల చదువు. అప్పుడు బ్రెయిలీ మాట ఎత్తాను.

తండ్రికి కోపం వచ్చింది. ‘చూపున్న పిల్లకి బ్రెయిలీ ఏంటి మేడమ్? గుడ్డిదైపోతుందని మీరే తేల్చేశారా?’ అన్నారు. తల్లి ఏమీ అనలేదు, కన్నీళ్ళు తుడుచుకుంది. ఈ ఘట్టం దాదాపు ప్రతి కుటుంబంలోనూ వస్తుంది, తొందరపెట్టి దాటించే పని కాదిది. నేను జబ్బు గురించి వాదించలేదు. ఈ జబ్బులో పూర్తిగా చూపు పోవడం అరుదు, చూపు 6/60 దగ్గర్లో నిలబడేవాళ్ళే ఎక్కువ. ఆ మాటే చెప్పాను. బ్రెయిలీ అడుగుతున్నది చీకటి పడుతుందని కాదు, కళ్ళు అలిసిపోతున్నాయని. 20 నిమిషాల చదువు కాగితం ఆయన ముందు పెట్టాను. ఐదేసి నిమిషాలకి వేగం ఎలా పడిపోయిందో ఆయనే చదువుకున్నారు. ఆయన లెక్కలు రాసుకునే ఉద్యోగంలో ఉన్న మనిషి, అంకెలు ఆయనతో మాట్లాడినట్టు నేను మాట్లాడలేను. ‘అచ్చు మానిపిస్తారా?’ అని అడిగారు. మానిపించం, రెండూ నడుస్తాయి అన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు.

ఏ పిల్లకి ఏ మాధ్యమం, అంటే అచ్చా బ్రెయిలీయా అన్నది చూపు కొలతని బట్టి తేల్చేది కాదు. 1990లలో అలన్ కోనిగ్, కే హోల్‌బ్రుక్ లెర్నింగ్ మీడియా అసెస్‌మెంట్ పద్ధతిని రూపొందించారు. అందులో అడిగే ప్రశ్నలు వేరు. పిల్ల సమాచారాన్ని ఎక్కువగా కంటితో తీసుకుంటోందా, చేత్తోనా, చెవితోనా? ఎంత వేగంతో, ఎంతసేపు? చూపు ముందుముందు ఎలా ఉండవచ్చు? ఈ ప్రశ్నలు వేస్తే జవాబు చాలాసార్లు ‘రెండూ’ అని వస్తుంది.

ఆడియో చాలదా అని బడివాళ్ళు అడిగారు. కథలకీ సాంఘికశాస్త్రానికీ ఆడియో బ్రహ్మాండంగా ఉంది, సాహితి మామూలు వేగం కంటే పెంచుకుని వింటుంది. కానీ ‘రాష్ట్రం’ అని వందసార్లు విన్నా అందులో ఏ ఒత్తులున్నాయో చెవి చెప్పదు. అక్షరం తెలియాలంటే అక్షరాన్నే తాకాలి, కంటితోనో వేలితోనో.

బ్రెయిలీలో ఒత్తు

అచ్చు తెలుగు ఆమెని ఎక్కడ ఇబ్బంది పెట్టిందో సరిగ్గా అక్కడే బ్రెయిలీ ఆదుకుంది. లూయీ బ్రెయిలీ 1829లో ప్రచురించిన ఆరు చుక్కల లిపిలో 63 గుర్తులే ఉన్నాయి, అన్నీ ఒకే సైజు. తెలుగు ఇందులో భారతీయ భాషల కోసం రూపొందిన భారతి బ్రెయిలీ పద్ధతిలో రాస్తారు. దీనిలో పైన కింద అన్న మాటే లేదు, అంతా ఒకే వరస. గుణింతం గుర్తు హల్లు పక్కనే అచ్చుగా వస్తుంది. ఒత్తుకి వేరే ఆకారం లేదు. అచ్చు లేని హల్లు ముందు నాలుగో చుక్క ఒక్కటి పెడతారు, తర్వాతి హల్లు పూర్తి సైజులో వస్తుంది. ‘అక్క’ అంటే అ, నాలుగో చుక్క, క, క. ‘రాష్ట్రం’ అంటే ర, ఆ, చుక్క, ష, చుక్క, ట, ర, సున్న. వరసగా తడుముతూ పోతే చాలు, ఇరుకు లేదు.

గుర్తులన్నీ వేలికి అలవాటయ్యాక ఈ మాటని ఆమె చేత చదివించాను. ‘ష... ట... ర...’ అని విడివిడిగా పలికి, వేలు వెనక్కి తెచ్చి ఇంకోసారి తడిమి, ‘ఇందులో మూడున్నాయా?’ అంది. ఆ మాటని అన్నాళ్ళూ పలుకుతోంది, రాస్తోంది కూడా. అందులో ఏమేమి ఉన్నాయో అప్పటిదాకా తెలియదు. తర్వాత డిక్టేషన్‌లో ఒత్తులు మామూలు రాతలోనూ రావడం మొదలైంది. వేలితో నేర్చుకున్న వర్ణక్రమం పెన్నులోకి వచ్చిందన్నమాట. మొదట నేనూ అంతగా ఆశించలేదు. అందుకే ఇప్పుడు ఒత్తుల దగ్గర కొట్టుమిట్టాడే తక్కువ చూపున్న పిల్లలకి, పూర్తి బ్రెయిలీ నేర్పకపోయినా, కొన్ని జంటాక్షరాల మాటలైనా చుక్కల్లో చూపించడం అలవాటు చేసుకున్నాను.

నేర్పడంలో కష్టాలూ ఉన్నాయి. చూపున్న పిల్లలు బ్రెయిలీని వేలితో కాక కంటితో చదివేస్తారు. తెల్ల కాగితం మీద చుక్కల నీడలు కనిపిస్తాయి కదా. కళ్ళకి గంతలు కడితే ఏడ్చే పిల్లలున్నారు. కాబట్టి బల్ల మీద ఒక వస్త్రం కప్పి దాని కింద చేతులు పెట్టించాను. అదొక ఆటగా సాగింది. చుక్కలు పొడిచే బ్రెయిలీ పలక, మొనతో రాసేటప్పుడు కాగితం వెనకవైపు నుంచి, కుడి నుంచి ఎడమకి, తిరగేసి రాయాలి. అచ్చు అక్షరాలు అలవాటైన పిల్లకి అది రోత పుట్టించింది. ఆరు మీటల బ్రెయిలర్ మీద ఎడమ నుంచి కుడికే వస్తుంది, రాసిన వెంటనే తడిమి చూసుకోవచ్చు. అక్కడికి మార్చాక పేచీ లేదు. పలక తర్వాత నేర్చుకుంటుంది, జేబులో పట్టేది అదే కాబట్టి నేర్చుకోవాలి కూడా.

ఇప్పటి పరిస్థితి

సాహితి 6వ తరగతి ముగిస్తోంది. లెక్కలు అచ్చులోనే చేస్తుంది. అంకెల్లో ఒత్తులు లేవు, వరసలు కంటితో పట్టుకోవడమే ఆమెకి సుఖం. రేఖాగణితం మాత్రం మందమైన పెన్నుతో గీసిన బొమ్మలు ఉంటేనే కుదురుతుంది. తెలుగు పొడవాటి పాఠాలు బ్రెయిలీలో, చిన్న ప్రశ్నలు అచ్చులో. బ్రెయిలీ వేగం ఇంకా అచ్చు వేగాన్ని అందుకోలేదు, కానీ గంట చదివినా పడిపోదు. చదువు మీద టెన్షన్ తగ్గిందని తల్లి అంటుంది. బెంచీ పక్కనున్న అమ్మాయి సరదాగా బ్రెయిలీ నేర్చుకుంది, టీచర్‌కి తెలియకుండా ఇద్దరూ చుక్కల్లో చీటీలు రాసుకుంటున్నారని విన్నాను. నేను విననట్టే ఉన్నాను.

తేలని విషయం పరీక్షలది. అదనపు సమయానికి బడివాళ్ళు ఒప్పుకున్నారు. దరఖాస్తులో మాత్రం పెద్ద అక్షరాల ప్రశ్నపత్రమో, బ్రెయిలీ ప్రశ్నపత్రమో ఏదో ఒకదానికే టిక్కు పెట్టాలట. పాపకి తెలుగు బ్రెయిలీలో, లెక్కలు 24 పాయింట్ల అచ్చులో కావాలి. రెండూ ఎందుకని అడిగితే చూపించడానికి ఐదేసి నిమిషాల వేగం కాగితాలు, సబ్జెక్టుల వారీగా తప్పుల పట్టిక, కంటి డాక్టర్ ఉత్తరం జతచేసి పంపాం. జవాబు రాలేదు. వచ్చేలోపు ఈ టర్మ్ పరీక్షలకి బడి స్థాయిలోనే రెండు మాధ్యమాల్లో పత్రాలు తయారుచేసి పెడతామని హెడ్మాస్టర్ మాటిచ్చారు. తెలుగు పత్రం బ్రెయిలీలో కొట్టే పని నాది, లెక్కల పత్రం టైపు చేసే పని లెక్కల టీచర్‌ది.